ఇద్దరు తోబుట్టువులకు ఒకే జబ్బు ఉంటే, దాని జన్యువు ఎక్కడుందో లెక్కతో వెతకడం ఎలా?

ఒక ఇంట్లో అన్నకు ఏడేళ్లప్పుడు, చెల్లెలికి పదకొండేళ్లప్పుడు టైప్ 1 మధుమేహం బయటపడింది అనుకోండి. అమ్మకు లేదు, నాన్నకు లేదు. తాతల తరంలో ఎవరికైనా ఉండేదేమో చెప్పేవాళ్లు లేరు. ఇలాంటి ఇంటిని చూపించి “ఈ జబ్బు జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉంది?” అని అడిగితే, వంశవృక్షం గీసి తరం తరం జబ్బు ఎలా దిగిందో చూసే పాత పద్ధతి చేతులెత్తేస్తుంది. ఆ పద్ధతికి ముందే కొన్ని సంగతులు చెప్పాలి. జబ్బు డామినెంటా (ఒక్క కాపీ చెడినా వచ్చేదా) రిసెసివా (రెండు కాపీలూ చెడితేనే వచ్చేదా), జన్యువు ఉన్నవాళ్లలో ఎంతమందికి జబ్బు వస్తుంది, జనాభాలో అది ఎంత అరుదు అన్నవి అది అడుగుతుంది. మధుమేహం, ఆస్తమా, స్కిజోఫ్రీనియా లాంటి జబ్బుల్లో వీటికి జవాబులు మన దగ్గర ఉండవు.

తోబుట్టువుల జంటల పద్ధతి ఇవేవీ అడగదు. తల్లిదండ్రుల వివరాలు లేకపోయినా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల జంటల నుంచే లింకేజ్‌ను (క్రోమోజోమ్ మీద పక్కపక్కన ఉన్నవి కలిసి పిల్లలకు దిగడాన్ని) పట్టవచ్చని లయొనెల్ పెన్రోజ్ 1935లోనే చూపించాడు. ఇందులో లెక్క చాలా చిన్నది, ఇంటర్ గణితం చాలు. కష్టమంతా లెక్కపెట్టే వస్తువును సరిగ్గా గుర్తించడంలో ఉంది. అందుకే ఈ వ్యాసంలో పరీక్షల కంటే లెక్కింపు మీదే ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి అడుగు: ఏమీ లేకపోతే ఎలా ఉంటుందో తెలుసుకోండి

క్రోమోజోమ్ మీద ఒక చోటు తీసుకోండి. అక్కడ నాన్న దగ్గర రెండు కాపీలు ఉన్నాయి: క, ఖ. అమ్మ దగ్గర గ, ఘ. ప్రతి బిడ్డకూ నాన్న నుంచి ఒకటి, అమ్మ నుంచి ఒకటి వస్తుంది. అన్నకు క, గ వచ్చాయనుకుందాం. చెల్లెలికి నాలుగు రకాలుగా రావచ్చు, నాలుగింటికీ సమాన అవకాశమే. క-గ వస్తే రెండు కాపీలూ కలిశాయి. క-ఘ గానీ ఖ-గ గానీ వస్తే ఒకటే కలిసింది. ఖ-ఘ వస్తే ఏదీ కలవలేదు.

అంటే జబ్బుతో సంబంధం లేని చోట నూరు జంటలు చూస్తే సుమారు 25 జంటల్లో సున్నా, 50 జంటల్లో ఒకటి, 25 జంటల్లో రెండు కాపీలు కలుస్తాయి. నాన్న వైపు ఒకసారి, అమ్మ వైపు ఒకసారి బొమ్మాబొరుసు వేసినట్టే.

జబ్బుకు కారణమైన జన్యువు ఆ పక్కనే ఉంటే నాణెం ఒకవైపు వాలుతుంది. ఇద్దరికీ జబ్బు ఉంది కాబట్టే ఈ జంటను ఎంచుకున్నాం. ఇద్దరికీ ఆ జబ్బు కాపీయే చేరి ఉండే అవకాశం ఎక్కువ. ఐరోపా సంతతి కుటుంబాల్లో టైప్ 1 మధుమేహం ఉన్న జంటలను 6వ క్రోమోజోమ్ మీద రోగనిరోధక జన్యువులుండే హెచ్‌ఎల్‌ఏ ప్రాంతంలో చూస్తే వాటాలు దాదాపు 7, 38, 55 శాతంగా కనిపిస్తాయి. 25, 50, 25 ఎక్కడ, ఇది ఎక్కడ!

దీనిలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఒకటుంది. పోల్చడానికి ఆరోగ్యవంతుల గుంపు వేరే అక్కర్లేదు. 25-50-25 అన్నది మెండెల్ సూత్రం ఇచ్చిన కొలబద్ద. జబ్బువాళ్లను ఒక ఊరి నుంచి, ఆరోగ్యవంతులను ఇంకో ఊరి నుంచి తెచ్చి పోల్చి, తీరా ఊళ్ల మధ్య తేడానే జబ్బు కారణమని పొరబడే ప్రమాదం ఇక్కడ రాదు.

రెండో అడుగు: వెతకడానికి అక్కడ ఏమైనా ఉందా?

తోబుట్టువుకు జబ్బు వచ్చే అవకాశాన్ని మామూలు జనంలో ఉన్న అవకాశంతో భాగించండి. ఈ నిష్పత్తికి గ్రీకు అక్షరం లాంబ్డా పెడతారు. ఐరోపా జనాభాల్లో టైప్ 1 మధుమేహానికి ఇది 6 శాతం భాగించు 0.4 శాతం, అంటే 15. నిష్పత్తి 1కి దగ్గరగా ఉంటే జబ్బు ఇళ్లలో గుంపుగా రావడం లేదన్నమాట. అక్కడ ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది. ఎక్కువగా ఉన్నంత మాత్రాన అదంతా జన్యువుల పనే అనుకోకూడదు. ఒకే వంట తిన్నవాళ్లు, ఒకే గాలి పీల్చినవాళ్లు కూడా తోబుట్టువులే.

1990లో నీల్ రిష్ ఈ నిష్పత్తిని కాపీల లెక్కతో కలిపే చక్కని సూత్రం ఇచ్చాడు. ఒక చోటు వల్ల వచ్చే లాంబ్డా ఎంతో తెలిస్తే, అక్కడ ఏ కాపీ కలవని జంటల వాటా 0.25 భాగించు ఆ లాంబ్డా అవుతుంది. దీన్నే తిప్పి రాయవచ్చు. హెచ్‌ఎల్‌ఏ దగ్గర కలవని వాటా 0.07 అయితే లాంబ్డా సుమారు 3.5. చోట్ల ప్రభావాలు ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి అనుకుంటే, మొత్తం 15లో హెచ్‌ఎల్‌ఏ వాటా తీసేశాక ఇంకా 4 పైచిలుకు మిగులుతుంది. మిగతా జన్యువులూ, ఇంటి వాతావరణమూ పంచుకోవాల్సింది అదే.

మూడో అడుగు: ఎన్ని జంటలు కావాలి?

దీన్ని చివర్లో చూసుకుందాం అనుకుని మొదలుపెట్టిన పరిశోధనలు సగంలో ఆగిపోతాయి. జన్యుపటం మొత్తం గాలించేటప్పుడు, నిజంగా ఉన్న జన్యువును పట్టే అవకాశం 80 శాతం ఉండాలంటే ఎన్ని జంటలు కావాలో నేను లెక్క కట్టి చూశాను. మార్కర్లు (క్రోమోజోమ్ మీద చోటు తెలిసిన, మనిషికో రకంగా ఉండే గుర్తులు) పూర్తి సమాచారం ఇస్తున్నాయనీ, మార్కర్ సరిగ్గా జన్యువు మీదే ఉందనీ అనుకున్నాను. అంటే ఇది ఆశావాది లెక్క. ఆ చోటి లాంబ్డా 3 అయితే 105 జంటలు చాలు. 1.5 అయితే 430 కావాలి. 1.2 అయితే దాదాపు 1,750. ప్రభావం కాస్త తగ్గేసరికి అవసరం కొండలా పెరుగుతుంది. హెచ్‌ఎల్‌ఏను 1970లలోనే కొద్దిపాటి జంటలతో గుర్తించగలగడానికీ, ఆ తర్వాత వెతికిన చిన్న ప్రభావాల దగ్గర ఒకరి ఫలితం ఇంకొకరికి దొరక్కపోవడానికీ కారణం ఇదే.

నాలుగో అడుగు: కుటుంబాలను చేర్చడం, జల్లెడ పట్టడం

ముందు “జబ్బు ఉంది” అంటే ఏమిటో కాగితం మీద రాయండి. టైప్ 1, టైప్ 2 మధుమేహాలు కలగలిసిపోతే, ఒక్కో తోబుట్టువుకు ఒక్కో కారణంతో జబ్బు వచ్చిన జంటలు చేరతాయి. అలాంటి జంట నాణేన్ని ఎటూ వాల్చదు, ఉన్న సంకేతాన్ని పలచన చేస్తుంది.

రక్తం ఇద్దరు పిల్లల దగ్గర మాత్రమే తీసి ఊరుకోకండి. అమ్మానాన్నలు ఉంటే వాళ్లదీ తీసుకోండి. ఎందుకో ఐదో అడుగులో తెలుస్తుంది. జబ్బు లేని తోబుట్టువు ఒకరుంటే ఇంకా మంచిది. జబ్బు ఉన్న ఒకరు, లేని ఒకరు ఉన్న జంటల్లో కలిసే వాటా మామూలుగా గానీ కాస్త తక్కువగా గానీ ఉండాలి. వాళ్లలోనూ వాటా ఎక్కువగా కనిపిస్తే తప్పు జన్యువుది కాదు, ల్యాబ్‌ది గానీ లెక్కది గానీ అయి ఉంటుంది.

తర్వాత బంధుత్వాల తనిఖీ. ఈ మాట కాస్త సున్నితమైనదే అయినా తప్పదు. జన్యుపటం మొత్తం మీద సొంత తోబుట్టువులు సగటున సగం పంచుకుంటారు, అయితే ప్రతి జంటా కచ్చితంగా సగం కాదు. 2006లో 4,401 జంటల మీద చూసినప్పుడు ఈ వాటా 37 నుంచి 62 శాతం దాకా ఉంది. 25 శాతం దగ్గర కనిపించే జంట ఒకే తల్లి లేక ఒకే తండ్రి బిడ్డలు. 100 శాతం కనిపిస్తే ఒకేలాంటి కవలలు, లేదా ఒకే గొట్టంలోని నమూనాకు రెండు చీటీలు అంటించారు. ఇద్దరు పూర్తి తోబుట్టువులు కాదని బయటపడితే ఆ జంటను పక్కన పెట్టండి. ఆ సంగతి కుటుంబానికి చెప్పాలా వద్దా అన్నది రక్తం తీసుకునే ముందే, అంగీకార పత్రంలోనే తేలిపోవాలి.

ఐదో అడుగు: అసలు లెక్కింపు

ఇక్కడే ఎక్కువమంది జారిపడేది. ఇద్దరి దగ్గరా ఒకే అక్షరం కనబడటం వేరు, ఆ అక్షరం ఒకే తల్లి లేక తండ్రి కాపీ నుంచి రావడం వేరు. మొదటిది చూపుకు సమానం. రెండోది పుట్టుకతో సమానం. దీన్నే పొట్టిగా ఐబీడీ అంటారు. మనకు కావాల్సింది రెండోదే.

నాన్న క-ఖ, అమ్మ క-గ అనుకోండి. అన్న క-గ, చెల్లి క-ఖ. ఇద్దరి దగ్గరా క ఉంది. ఒకటి కలిసింది అని రాసేస్తాం కదా? ఆగండి. అన్న దగ్గరి గ అమ్మ నుంచే రావాలి, కాబట్టి అతని క నాన్నది. చెల్లి దగ్గరి ఖ నాన్నది, కాబట్టి ఆమె క అమ్మది. పుట్టుక లెక్కలో కలిసింది సున్నా.

తల్లిదండ్రుల రక్తం లేకపోతే ఈ విడదీత కుదరదు, ఊహించాల్సి వస్తుంది. ఇద్దరు పిల్లలూ క-క అనుకోండి. జనాభాలో క 10 శాతం మాత్రమే ఉండే అరుదైన రకం అయితే, ఇద్దరికీ రెండు కాపీలూ పుట్టుకతో కలిసి ఉండే సంభావ్యత 83 శాతం. అదే క 50 శాతం ఉంటే అది 44 శాతానికి పడిపోతుంది. సూత్రం సులువే: క తరచుదనానికి 1 కలిపి, వర్గం చేసి, దానితో 1ని భాగించండి. గమనించాల్సింది ఏమిటంటే, నిజానికి 50 శాతం ఉన్న రకాన్ని పట్టికలో పొరపాటున 10 శాతమని రాసుకుంటే ప్రతి జంటలోనూ కలిసిన వాటా ఉబ్బిపోతుంది. లేని జన్యువు ఉన్నట్టు కనబడుతుంది. వేరే దేశపు జనాభా తరచుదనాలను తెచ్చి మన కుటుంబాలకు అతికిస్తే జరిగేది ఇదే. మీ నమూనాల నుంచే తరచుదనం అంచనా వేసుకోండి.

ఆరో అడుగు: పరీక్ష

నేను లెక్క కోసం కల్పించిన అంకెలు ఇవి: 100 జంటలు, 12 జంటల్లో సున్నా, 48 జంటల్లో ఒకటి, 40 జంటల్లో రెండు కాపీలు కలిశాయి. సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం మీద చేద్దాం.

సగటు పరీక్ష ముందు. మొత్తం కాపీల అవకాశాలు 200. కలిసినవి 48 కూడిక 80, అంటే 128. మామూలుగా అయితే 100 రావాలి. 200 నాణేల వేరియన్స్ 50, ప్రామాణిక విచలనం 7.07. కాబట్టి 28ని 7.07తో భాగిస్తే 3.96. ఇంత తేడా ఊరికే రావడానికి అవకాశం లక్షకు 3.7 ప్రాంతం. దీన్ని లాడ్ స్కోరుగా (లింకేజ్ ఉంటే ఈ ఫలితం వచ్చే అవకాశాన్ని లేకపోతే వచ్చే అవకాశంతో భాగించి, 10 ఆధారంగా తీసిన లాగ్) మార్చాలంటే 3.96ను వర్గం చేసి 4.6తో భాగించండి: 3.4.

కై స్క్వేర్ పరీక్షలో మూడు గదులనూ విడివిడిగా పోలుస్తాం. 12కీ 25కీ తేడా నుంచి 6.76, 48కీ 50కీ నుంచి 0.08, 40కీ 25కీ నుంచి 9. మొత్తం 15.84, స్వేచ్ఛాంకాలు 2. ఈ పరీక్ష ఏ దిశలో తేడా వచ్చినా సంతోషిస్తుంది, వాటా తగ్గినా సరే. మనకు దిశ ముందే తెలుసు కాబట్టి ఇది కొంత శక్తిని వృథా చేస్తుంది.

మూడోది గరిష్ఠ లాడ్. ప్రతి గదిలోనూ కనిపించిన వాటాను రావాల్సిన వాటాతో భాగించి, 10 ఆధారంగా లాగ్ తీసి, జంటల సంఖ్యతో గుణించి కూడండి. 12 సార్లు లాగ్ 0.48, 48 సార్లు లాగ్ 0.96, 40 సార్లు లాగ్ 1.6. అంటే మైనస్ 3.83, మైనస్ 0.85, ప్లస్ 8.16, మొత్తం 3.49. ఇక్కడ పీటర్ హోమన్స్ 1993లో పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఒకటి కలిసిన వాటా సగానికి మించకూడదు, సున్నా వాటాకు రెట్టింపు కంటే తగ్గకూడదు. పటం మీద ఈ హద్దులు ఒక త్రిభుజం గీస్తాయి, ఏ నిజమైన జన్యువూ దాన్ని దాటి బయటికి రాలేదు. మన 0.48, 0.12 లోపలే ఉన్నాయి.

ఏది ఎంచుకోవాలి? జబ్బు ఎలా దిగుతుందో తెలియనప్పుడు నా ఓటు సగటు పరీక్షకే. చాలా రకాల జన్యువులకు అది దగ్గరగా మంచి శక్తి ఇస్తుంది, పైగా తప్పు చేస్తే వెంటనే కంటికి కనిపిస్తుంది. మూడూ చేసి, ఏది పెద్దగా వస్తే అది వ్యాసంలో రాసే అలవాటు మాత్రం వద్దు.

ఒక ఇంట్లో ముగ్గురికి జబ్బు ఉంటే మూడు జంటలు వస్తాయి, కానీ మూడూ పూర్తిగా విడివిడి సాక్ష్యాలు కావు. జబ్బు ఉన్నవాళ్లు ఎంతమందో ఆ సంఖ్యతో 2ని భాగించి ప్రతి జంటకూ ఆ బరువు ఇవ్వడం ఒక వాడుక. అప్పుడు ముగ్గురి ఇల్లు రెండు జంటలతో సమానం అవుతుంది. ఎక్స్ క్రోమోజోమ్‌కు ఈ 25-50-25 వర్తించదు, దానికి లెక్క వేరుగా చేయాలి.

ఏడో అడుగు: గీత ఎక్కడ గీయాలి?

న్యూటన్ మోర్టన్ 1955లో పెట్టిన లాడ్ 3 అనే గీత అందరికీ నోటికి వచ్చు. అది వంశవృక్షపు పాత పద్ధతికి పెట్టింది. తోబుట్టువుల జంటలతో జన్యుపటం అంతా గాలించేటప్పుడు ఎరిక్ లాండర్, లియొనిడ్ క్రుగ్ల్యాక్ 1995లో సూచించిన గీత 3.6, అంటే లక్షకు 2.2 అవకాశం. జన్యువేమీ లేకపోయినా స్కోరులో అంత పెద్ద శిఖరం 20 గాలింపుల్లో ఒకసారి మాత్రమే వస్తుంది. 2.2 స్కోరు ఆశ పుట్టిస్తుంది, అంతే. ప్రతి గాలింపులోనూ అలాంటిది ఒకటి ఊరికే వస్తుందని ఆశించాలి.

మన 3.4 ఆ గీత దాటలేదు. 100 జంటల్లో 40 ఇళ్లలో రెండు కాపీలూ కలిసినా దాటలేదు. ముందే అనుమానించిన ఒక్క చోటునే చూసి ఉంటే ఈ ఫలితం చాలా బలమైనది. మొత్తం గాలించి శిఖరం దగ్గర ఆగి ఉంటే, వేరే కుటుంబాల్లో మళ్లీ చూడాల్సిందే. అప్పుడు కూడా మొదటి అంచనా కంటే ప్రభావం తక్కువగా వస్తుందనుకుని జంటలను చేర్చండి, ఎందుకంటే గాలింపులో గెలిచిన శిఖరం అదృష్టం కూడా కలిసొచ్చి గెలిచింది.

ఒక్క మార్కర్ చాలదు

ప్రతి మార్కరూ ప్రతి ఇంట్లో సమాచారం ఇవ్వదు. నాన్న క-క అయితే ఆయన ఏ కాపీ ఇచ్చాడో తెలియదు. అందుకే పక్క మార్కర్ల సాయంతో ఖాళీలు పూరిస్తారు. జీన్‌హంటర్, మెర్లిన్ అనే ఉచిత ప్రోగ్రాములు లాండర్, గ్రీన్ పద్ధతితో ఈ పని చేస్తాయి. మెర్లిన్‌కు మూడు ఫైళ్లు కావాలి: కుటుంబ పట్టిక, మార్కర్ల జాబితా, వాటి దూరాల పటం. మార్కర్లు వేలల్లో ఉన్నా ఈ పద్ధతికి ఇబ్బంది లేదు; కుటుంబం పెద్దదైతే మాత్రం సమయం రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది.

ఒకప్పుడు 10 సెంటిమోర్గన్లకు (జన్యు దూరపు కొలత) ఒకటి చొప్పున 300, 400 మైక్రోశాటిలైట్లు (చిన్న డీఎన్‌ఏ ముక్క మళ్లీ మళ్లీ వచ్చే మార్కర్లు) వాడేవాళ్లు. ఇప్పుడు ఎస్‌ఎన్‌పీ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా) చిప్‌లు లక్షల మార్కర్లు ఇస్తాయి. అన్నీ గుమ్మరించకండి. పక్కపక్క ఎస్‌ఎన్‌పీలు గుంపులుగా కలిసే తిరుగుతాయి. తల్లిదండ్రుల రక్తం లేనప్పుడు ప్రోగ్రాము వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కేసి, మామూలు వరసను అరుదైనదిగా భ్రమపడి, స్కోరును పెంచేస్తుంది. ఐదో అడుగులోని తరచుదనం పొరపాటే ఇంకో వేషంలో వచ్చిందన్నమాట. ముందు పలచగా ఏరుకుని, తర్వాతే నడపండి.

జబ్బు కాదు, కొలత అయితే

రక్తపోటు, కొలెస్టరాల్ లాంటివి ఉన్నాయి-లేవు అని చెప్పేవి కావు. వీటికి 1972లో హేస్‌మన్, ఎల్‌స్టన్ ఇచ్చిన పద్ధతి ఉంది. ప్రతి జంటకూ ఇద్దరి కొలతల తేడాను వర్గం చేయండి. ఆ చోట కలిసిన కాపీల వాటాను అడ్డంగా, ఆ వర్గాన్ని నిలువుగా గుర్తించి సరళరేఖ గీయండి. జన్యువు అక్కడ ఉంటే, ఎక్కువ పంచుకున్న జంటల కొలతలు దగ్గరగా ఉంటాయి, గీత కిందికి వాలుతుంది. వాలు లేకపోతే లింకేజ్ లేదు. తేడా మాత్రమే చూసి ఇద్దరి కొలతల కూడికను వదిలేయడం వల్ల కొంత సమాచారం పోతుందని గుర్తించి, 2000లో ఎల్‌స్టన్ బృందమే సగటు నుంచి ఇద్దరి దూరాల లబ్ధాన్ని వాడే కొత్త రూపం ఇచ్చింది. కొత్తగా చేసేవాళ్లు దాన్నే వాడండి.

మేనరికం ఉన్న ఇళ్లు

ఆంధ్ర, తెలంగాణ కుటుంబాలతో పనిచేసేవాళ్లు ఇది వదిలేయకూడదు. మేనమామ-మేనకోడలు దంపతుల బిడ్డకు ఒక చోటి రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనత్త లేక మేనమామ పిల్లలతో పెళ్లి అయితే 16లో 1. ఇలాంటి ఇళ్లలో అమ్మ క, నాన్న క నిజంగా ఒకే అవ్వ దగ్గర నుంచి వచ్చి ఉండవచ్చు. ప్రోగ్రాముకు ఆ బంధుత్వం చెప్పకుండా దంపతులను పరాయివాళ్లుగా రాసిస్తే, తల్లిదండ్రుల రక్తం లేని ఇళ్లలో కలిసిన వాటా ఊరికే ఎక్కువగా కనిపిస్తుంది. కుటుంబ పట్టికలో అవ్వాతాతల వరసలు రాయడం తప్పనిసరి. “చుట్టరికం ఉందా?” అని మాత్రమే అడిగితే చాలామంది లేదంటారు. “వాళ్లు మీకు పెళ్లికి ముందు ఏమవుతారు?” అని అడగండి.

అరుదైన రిసెసివ్ జబ్బు అయితే ఈ మేనరికమే వరం. జబ్బు ఉన్న పిల్లలందరిలోనూ రెండు కాపీలూ ఒకేలా ఉన్న పొడవాటి ముక్కను వెతికే పద్ధతిని లాండర్, బాట్‌స్టైన్ 1987లో ప్రతిపాదించారు. అక్కడ తోబుట్టువుల వందల జంటలు అక్కర్లేదు, కొన్ని ఇళ్లు చాలు.

శిఖరం దొరికాక

లింకేజ్ శిఖరం వెడల్పైనది. తోబుట్టువులు పెద్ద పెద్ద ముక్కలుగా పంచుకుంటారు కాబట్టి 20 సెంటిమోర్గన్ల ప్రాంతం మిగలడం మామూలే, అంటే సుమారు 2 కోట్ల బేస్‌లు, వందల జన్యువులు. క్రోన్స్ వ్యాధికి (పేగుల వాపు జబ్బు) 16వ క్రోమోజోమ్ మీద లింకేజ్ 1996లో దొరికింది. ఆ శిఖరం కింద ఉన్న నాడ్2 జన్యువు తేలడానికి 2001 వచ్చింది.

ఆ వెడల్పును కుదించడానికి వాడేది టీడీటీ (ట్రాన్స్‌మిషన్ డిసీక్విలిబ్రియం టెస్ట్, తల్లిదండ్రులు జబ్బు ఉన్న బిడ్డకు ఏ రకాన్ని ఎక్కువగా అందించారో చూసే పరీక్ష), 1993లో స్పీల్‌మన్, మెక్‌గిన్నిస్, ఇవెన్స్ ఇచ్చినది. ఇన్సులిన్ జన్యువు పక్కనున్న క్లాస్ 1 అనే డీఎన్‌ఏ రకం టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లలో ఎక్కువని తెలుసు, కానీ తోబుట్టువుల జంటల్లో అక్కడ లింకేజ్ దొరకలేదు. ఈ ముగ్గురూ క్లాస్ 1 ఒకటి, వేరే రకం ఒకటి ఉన్న తల్లిదండ్రులను మాత్రమే తీసుకుని, జబ్బు ఉన్న బిడ్డకు ఏది ఇచ్చారో లెక్కపెట్టారు. 124 సార్లలో 78 సార్లు క్లాస్ 1 వెళ్లింది, 46 సార్లు రెండోది. తేడా 32ను వర్గం చేసి 124తో భాగిస్తే 8.26. జంటల లెక్కకు దొరకని చిన్న ప్రభావం దీనికి దొరికింది.

ఈ లెక్కను తోబుట్టువుల మీద వాడేటప్పుడు ఒక మెలిక ఉంది. లింకేజ్ ఉందా అని అడగడానికి ఒకే ఇంటి ఇద్దరు బిడ్డలనూ చేర్చవచ్చు. లింకేజ్ ఉందని ముందే తెలిసిన చోట “ఈ రకమే జబ్బుతో ముడిపడిందా?” అని అడిగేటప్పుడు మాత్రం ఆ ఇద్దరి కాపీలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఇంటికి ఒక్క బిడ్డనే తీసుకోండి. వయసు మీరాక వచ్చే జబ్బుల్లో తల్లిదండ్రులు బతికి ఉండరు కాబట్టి, జబ్బు ఉన్న తోబుట్టువు దగ్గరా లేని తోబుట్టువు దగ్గరా ఆ రకం ఎన్ని కాపీలుందో ఇంటి లోపలే పోల్చే రూపాన్ని స్పీల్‌మన్, ఇవెన్స్ 1998లో ఇచ్చారు. నాలుగో అడుగులో జబ్బు లేని తోబుట్టువు రక్తం కూడా తీసుకోమన్నది దీనికీ పనికొస్తుంది.